బోర్లా పడితే బొబ్బట్లు సరే, సెలవెవరిస్తారు?

మన కాలేజీలో ప్లేస్‌మెంట్ సీజన్ మొదలైంది. ప్రీ-ప్లేస్‌మెంట్ టాక్ అయ్యాక ఫైనలియర్ అన్నలు, అక్కలు అడిగే ప్రశ్నల్ని వెనక వరసలో కూర్చుని విన్నాను. సీటీసీ ఎంత, అందులో చేతికొచ్చేది ఎంత, బాండ్ ఉందా, లొకేషన్ హైదరాబాదా బెంగళూరా, నైట్ షిఫ్టులుంటాయా. అన్నీ అడగాల్సినవే. అబ్బాయిల్లో ఒక్కరు కూడా అడగని ప్రశ్న ఒకటుంది: మీ కంపెనీలో బిడ్డ పుడితే తండ్రికి ఎన్ని రోజులు సెలవు? అడిగితే హాలంతా నవ్వుతుందని నాకు తెలుసు. పెళ్ళే కాలేదు, అప్పుడే ఉయ్యాలా అంటారు. కానీ లెక్కేయండి. ఇప్పుడు మనకి పందొమ్మిది, ఇరవై. పదేళ్ళు తిరిగేసరికి మనలో చాలామంది ఇళ్ళల్లో ఓ పసిబిడ్డ ఉంటుంది. ఆ రోజు మనకి సెలవుంటుందా లేదా అనేది ఇలాంటి హాళ్ళలోనే తేలుతుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బిడ్డ మొదటి ఏడాది ఎలా గడుస్తుందన్నది తల్లికి పెంచడం ఎంత బాగా వచ్చన్న దానికన్నా, ఆ ఇంట్లో ఎంతమంది ఉన్నారు, వాళ్ళకి ఎంత తీరిక ఉంది, నెలకి ఎంత డబ్బొస్తుంది అన్న వాటి మీదే ఎక్కువ ఆధారపడుతుంది. మనం మాత్రం అన్నిటికీ తల్లినే నిలదీస్తాం. బరువు పెరగకపోతే "నీకు పాలు చాలట్లేదేమో", మాట ఆలస్యమైతే "నువ్వు మాట్లాడించట్లేదు", చంక దిగకపోతే "నువ్వే అలవాటు చేశావు". ఇంట్లో మిగిలినవాళ్ళంతా ఇన్‌స్పెక్టర్లే.

మన వైపు ఒక ముచ్చటైన ఆచారముంది. బిడ్డ బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, అడుగులేస్తే అరిసెలు, పలికితే చిలకలు, గడప దాటితే గారెలు. ఇంటిని బట్టి, ఊరిని బట్టి లిస్టు కొంచెం మారుతుంది, ప్రాస మాత్రం ఎక్కడా తప్పదు. పిల్లల డాక్టరు గోడ మీద వేలాడే మైల్‌స్టోన్ చార్టుకి మనవాళ్ళు చేసుకున్న తినే వెర్షన్ అన్నమాట. నాకు ఇందులో నచ్చేది తీపి ఒక్కటే కాదు. వండినవి వాడకట్టులో పంచుతారు. అంటే బిడ్డ బోర్లా పడిందన్న కబురు పదిళ్ళకి వెళుతుంది, పడకపోతే ఆ సంగతీ పదిమంది కళ్ళలో పడుతుంది. బిడ్డ ఎదుగుదల అనేది ఒక్క మనిషి గమనించాల్సిన విషయం కాదని ఆ ఆచారం పెట్టినవాళ్ళకి తెలుసు. ఇప్పుడు బొబ్బట్లు స్వీట్ షాపు నుంచి వస్తున్నాయి, కబురు వాట్సాప్ స్టేటస్‌లో వెళుతోంది, గమనించే మనిషి మాత్రం ఒక్కరే మిగిలారు.

ఒక మాట ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఈ చార్టులతో ఇళ్ళల్లో చాలా గొడవలవుతాయి. పక్కింటి బాబు పది నెలలకే నడిచాడు, మనవాడు ఇంకా పాకుతున్నాడు అని. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో సహా ఐదు దేశాల్లో ఆరోగ్యంగా ఉన్న పిల్లల్ని గమనించి 2006లో ఒక లెక్క ప్రచురించింది. ఆసరా లేకుండా కూర్చోవడం 3.8 నెలల నుంచి 9.2 నెలల మధ్య ఎప్పుడైనా జరగొచ్చు. సొంతంగా నడవడం 8.2 నుంచి 17.6 నెలల మధ్య. నూటికి నలుగురు పిల్లలైతే చేతులూ మోకాళ్ళ మీద పాకకుండానే నేరుగా నడకలోకి వచ్చేశారు. కాబట్టి అరిసెలకి తొందరేం లేదు, పాకం నిదానంగా పట్టొచ్చు.

బయటికి కనిపించే ఈ పనుల వెనక జరిగేది ఇంకా పెద్దది. మొదటి ఏడాదిలో మెదడు పరిమాణం దాదాపు రెట్టింపవుతుంది. జీవితంలో మళ్ళీ ఎప్పుడూ అంత వేగం ఉండదు. ఆ మెదడుకి ఏం అందుతుందన్నదే ప్రశ్న.

సీఎస్‌ఈ వాళ్ళకి అర్థమయ్యే ఉదాహరణ ఒకటి చెప్తాను. 2024లో న్యూయార్క్ యూనివర్సిటీ వాళ్ళు సైన్స్ పత్రికలో ఒక పేపర్ వేశారు. ఆస్ట్రేలియాలో సామ్ అనే పిల్లాడి తలకి చిన్న కెమెరా పెట్టి, ఆరో నెల నుంచి ఇరవై ఐదో నెల దాకా అప్పుడప్పుడూ రికార్డు చేశారు. మొత్తం 61 గంటలు, అంటే వాడు మెలకువగా ఉన్న సమయంలో నూటికి ఒక వంతు. ఆ వీడియో, అందులో వినిపించిన మాటలు మాత్రమే ఇచ్చి ఒక న్యూరల్ నెట్‌వర్క్‌ని ట్రైన్ చేస్తే, అది బంతి లాంటి రోజువారీ మాటలు కొన్నిటిని బొమ్మలతో జత చేయగలిగింది. మన గ్రూపుల్లో ఎవరికి చెప్పినా "అబ్బ, ఇంత చిన్న డేటాతోనా" అంటారు. ఆశ్చర్యమే. కానీ నాకు ఆ డేటాసెట్‌లో ఇంకొకటి కనిపించింది. ఆ 61 గంటల్లో వినిపించే ప్రతి మాటా ఎవరో ఒక మనిషి ఆ పిల్లాడి పక్కన ఉండి అన్నదే. బంతి వాడి ముందుకి దొర్లినప్పుడు "ఇదిగో బంతి" అనడానికి ఒకరు నేల మీద కూర్చుని ఉన్నారు. మోడల్‌కి డేటా డిస్క్ మీద దొరికింది. పిల్లాడికి డేటా అంటే మనిషి. ఆ మనిషి ఆ టైముకి ఆఫీసులోనో, మిరప చేలోనో, మన మెస్ వెనక గిన్నెల దగ్గరో ఉంటే డేటా లేదు.

ఇంకో ప్రయోగం తెలుగువాళ్ళుగా మనకి బాగా దగ్గరది. 1984లో కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఇంగ్లిష్ మాత్రమే వినే ఇళ్ళల్లోని పసిపిల్లలకి హిందీలోని ట, త శబ్దాలు వినిపించారు. మనకి టపా వేరు, తపన వేరు. ఇంగ్లిష్ మాట్లాడేవాళ్ళలో పెద్దవాళ్ళకి ఆ రెండిటి తేడా పట్టుకోవడం చాలా కష్టం. కానీ ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు పట్టేశారు. పది, పన్నెండు నెలలు వచ్చేసరికి ఆ శక్తి చాలావరకు పోయింది. అంటే పుట్టినప్పుడు ప్రతి బిడ్డా ప్రపంచంలోని ఏ భాషకైనా రెడీ. మొదటి ఏడాది పూర్తయ్యేలోపు చుట్టూ వినిపించే భాషకి చెవి కుదురుకుంటుంది, మిగిలినవి మూసుకుంటాయి. నోట్లోంచి ఒక్క మాట రాకముందే ఇదంతా అయిపోతుంది.

మరి ఆ మాటలు ఎక్కడి నుంచి వినిపించినా సరిపోతుందా? ఫోన్లో వినిపిస్తే? దీనికీ సమాధానం ఉంది. అమెరికాలోని సియాటిల్‌లో ప్యాట్రీషియా కూల్ బృందం 2003లో ప్రచురించిన ప్రయోగం ఇది. తొమ్మిది నెలల అమెరికన్ పిల్లల్లో కొందరికి చైనీస్ మాట్లాడే మనుషులు ఎదురుగా కూర్చుని, కథలు చదువుతూ, బొమ్మలతో ఆడుతూ పన్నెండు సార్లు కబుర్లు చెప్పారు. ఇంకొందరికి అదే మనుషులు, అవే మాటలు, వీడియోలో చూపించారు. మనుషులతో గడిపిన పిల్లలు చైనీస్ శబ్దాల తేడాని తైవాన్ పిల్లలంత బాగా గుర్తుపట్టారు. వీడియో చూసిన పిల్లలకి ఏమీ రాలేదు. అసలు చైనీస్ విననివాళ్ళకీ వీళ్ళకీ తేడా లేదు. ఏడాది లోపు పిల్లలకి స్క్రీన్ అసలు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. పిల్లాడు కళ్ళార్పకుండా చూస్తున్నాడు కదా, నేర్చుకుంటున్నాడు అనుకుంటాం. చూడటం వేరు, నేర్చుకోవడం వేరు. మన ఆన్‌లైన్ క్లాసుల అనుభవం ఉన్నవాళ్ళకి ఇది వివరించి చెప్పక్కర్లేదు.

ఇక్కడిదాకా చదివి "అందుకే ఈ కాలం తల్లులు పిల్లలకి ఫోన్లిచ్చి పాడు చేస్తున్నారు" అని ఎవరైనా కామెంట్ టైప్ చేస్తుంటే కాసేపు ఆగండి. మా అక్క హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది. వాళ్ళ బాబుకి ఇప్పుడు ఎనిమిదో నెల. రాత్రి ఎనిమిదింటికి అక్కకి అవతలి దేశం వాళ్ళతో కాల్ ఉంటుంది. బావ ఆ టైముకి ఇంకా ఔటర్ రింగ్ రోడ్డు మీదే ఉంటాడు. వాడికి ఉగ్గు తినిపించాల్సింది మా అమ్మ. అమ్మకి యాభై ఎనిమిదేళ్ళు, మోకాళ్ళ నొప్పులు. పాకే పిల్లాడి వెనక గిన్నె పట్టుకుని తిరగలేదు. అప్పుడొస్తుంది ఫోన్. ఆ ఇంట్లో జీతం అడగకుండా, మోకాళ్ళు నొప్పి అనకుండా ఉన్న ఒకే ఒక్క పనిమనిషి ఆ ఫోన్. మనిషి లేని చోట అది దూరుతుంది. దాన్ని తీసేయమని సలహా ఇచ్చేవాళ్ళు ఆ చోట ఎవరిని కూర్చోబెట్టాలో కూడా చెప్పాలి.

ఇలా తల్లుల్ని తప్పుపట్టడానికి సైన్స్‌ని వాడుకోవడం కొత్తేమీ కాదు. 1995లో హార్ట్, రిస్లీ అనే అమెరికన్ పరిశోధకులు 42 కుటుంబాల్ని చూసి, పేదింటి పిల్లలు మూడేళ్ళొచ్చేసరికి బాగా డబ్బున్న ఇళ్ళ పిల్లల కన్నా మూడు కోట్ల మాటలు తక్కువ వింటారని లెక్కగట్టారు. అది ప్రపంచమంతా పాకింది. పేద తల్లులకి మాట్లాడటం నేర్పిస్తే చాలు, అంతా బాగైపోతుందన్న ధోరణి కూడా దానితోపాటే వచ్చింది. 2018లో డగ్లస్ స్పెరీ బృందం వేరే ఊళ్ళలో మళ్ళీ లెక్కపెడితే అంత అగాధం కనపడలేదు. ముఖ్యంగా, తల్లి ఒక్కతే కాకుండా ఇంట్లో, చుట్టుపక్కల ఉన్న వాళ్ళందరి మాటలూ లెక్కలోకి తీసుకుంటే చిత్రం బాగా మారిపోయింది. మన అరుగుల మీద, వసారాల్లో పెరిగే పిల్లల్ని చూసినవాళ్ళకి ఇందులో వింతేం లేదు. అలాగని ఏ తేడా లేదని నేననను. ఉన్న తేడా తల్లి నాలుకలో కంటే ఇంటి తీరికలో ఎక్కువ ఉందంటాను.

మాటల సంగతి వచ్చింది కాబట్టి ఒక పక్కదారి. మన తరంలో చాలామందికి ఉయ్యాలలోనే ఇంగ్లిష్ మొదలైంది. "కమ్ నాన్నా, ఈట్ నాన్నా, సీ కాకి." నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియమే. ఈ వ్యాసం రాస్తూ 'ళ' ఎక్కడ, 'ల' ఎక్కడ అని నిఘంటువు తీసినమాట నిజం. ఇంట్లో చుట్టూ తెలుగు వినిపిస్తూనే ఉంటుంది కాబట్టి పిల్లాడి చెవికి ఢోకా లేదు. నా అభ్యంతరం వేరే. తనకి అలవాటులేని భాషలో మాట్లాడే తల్లికి పది మాటల దగ్గర సరుకు అయిపోతుంది. కమ్, సిట్, నో, గుడ్ బాయ్. అదే తల్లి తెలుగులో అయితే పప్పు తాలింపు పెడుతూ, చంకలో వాడితో అరగంట ఆపకుండా వాదన వేసుకోగలదు. వాడు "ఊ" కొడతాడు. ఆ "ఊ" కే అక్కడ విలువ.

సరే, తీరిక దగ్గరికి వద్దాం, ఎందుకంటే దానికి చట్టాలున్నాయి, అంకెలున్నాయి.

మన దేశంలో ప్రసూతి ప్రయోజన చట్టం 1961లో వచ్చింది. 2017 సవరణతో సెలవు 12 వారాల నుంచి 26 వారాలకి పెరిగింది, మొదటి ఇద్దరు పిల్లలకి. మంచి చట్టమే. ఇప్పుడు చిన్న లెక్క. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప ఇంకేమీ పట్టొద్దని డాక్టర్లంటారు. 26 వారాలంటే సరిగ్గా ఆరు నెలలు. కానీ కడుపు బరువుతో ఆఫీసుకి వెళ్ళలేక కాన్పుకి నాలుగు వారాల ముందే సెలవు పెట్టిన మనిషికి, బిడ్డ పుట్టాక మిగిలేది 22 వారాలు. అయిదు నెలలు. చట్టం ఇచ్చేదానికీ డాక్టరు అడిగేదానికీ మధ్య ఒక నెల ఎక్కడో జారిపోయింది. అక్క విషయంలో జరిగింది అదే. అయిదో నెల నిండగానే లాగిన్ అయింది. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఈఎస్ఐ పరిధిలో లేని ఉద్యోగికి ఆ ఆరు నెలల జీతమంతా కంపెనీయే భరించాలి. ప్రభుత్వం వాటా ఏమీ లేదు. ఖర్చంతా ఒక్కరి మీద పెడితే, ఆ ఒక్కరు ఇంటర్వ్యూలో పెళ్ళయిన అమ్మాయిని చూసి ఏమనుకుంటారో మన క్లాసులో అమ్మాయిలకి బాగా తెలుసు.

ఇదంతా నెల జీతం ఉన్నవాళ్ళ సంగతి. మా హాస్టల్ మెస్‌లో గిన్నెలు తోమే అక్క ఉంది. కాంట్రాక్టరు కింద పని. ఆవిడకి రెండో కాన్పయ్యాక రెండు నెలలు తిరక్కుండానే మళ్ళీ పనిలో కనిపించింది. "అప్పుడే వచ్చేశావేంటక్కా?" అంటే "రాకపోతే ఇంకొకళ్ళని పెట్టేసుకుంటారు బాబూ" అంది. బిడ్డని ఎవరు చూస్తున్నారంటే వాళ్ళ అత్త. అత్తకి కూలిపని దొరికిన రోజున ఏడేళ్ళ పెద్దపిల్ల బడి మానేసి చూస్తుంది. అంటే తమ్ముడి మొదటి ఏడాదిలో కొంత భాగం అక్క రెండో తరగతిలోంచి కోసి పెడుతున్నారు. ఆవిడకి ఫలానా ఆహారం పెట్టు, ఎక్కువగా మాట్లాడించు అని పోస్టర్ అంటిస్తే ఏం లాభం? ఆవిడ పొద్దున ఆరింటికి మన ఇడ్లీ ప్లేట్ల దగ్గర ఉంటుంది.

ఇలాంటి తల్లులకి కేంద్రం ఇచ్చేది ప్రధానమంత్రి మాతృవందన యోజన. మొదటి బిడ్డకి 5000 రూపాయలు, రెండోసారి ఆడపిల్ల పుడితే 6000. పోయిన కూలికి బదులుగా, విశ్రాంతి తీసుకోవడానికి అని దాని ఉద్దేశం. 26 వారాలంటే 182 రోజులు. 5000ని 182తో భాగించండి. రోజుకి 27 రూపాయల చిల్లర. క్యాంటీన్‌లో రెండు టీలు తాగితే అయిపోతుంది. తమిళనాడులో ముత్తులక్ష్మి రెడ్డి పేరు మీద ఉన్న పథకంలో కిట్లతో కలిపి 18,000 విలువ ఇస్తున్నారు. పక్క రాష్ట్రమే. మెస్ అక్కకి రెండోది మగపిల్లాడు, కాబట్టి ఆ ఆరువేలు కూడా లేవు. ఆడపిల్లల్ని ప్రోత్సహించడానికి పెట్టిన నియమం, ఉద్దేశం మంచిదే. కానీ మగపిల్లాడిని కన్న తల్లికి కుట్లు తొందరగా మానవు కదా.

కుట్లంటే గుర్తొచ్చింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లు. దేశం మొత్తం మీద 21.5. ఇన్ని ఆపరేషన్లు ఎందుకన్నది వేరే వ్యాసం. ఈ వ్యాసానికి పనికొచ్చేది ఏంటంటే, మన రెండు రాష్ట్రాల్లో ఇంతమంది తల్లులు మొదటి వారాల్లో బిడ్డని ఎత్తుకోవడానికి కూడా ఇంకో మనిషి మీద ఆధారపడతారు. ఆ ఇంకో మనిషి ఎవరు?

పాతకాలం సమాధానం పుట్టిల్లు. మొదటి కాన్పుకి తీసుకెళ్ళి, పురుడు పోసి, మూడో నెలలోనో ఐదో నెలలోనో పంపుతారు. అది నిజానికి మనవాళ్ళు చట్టం లేకుండా కనిపెట్టుకున్న ప్రసూతి సెలవు. అందులో నాకు గౌరవం ఉంది. కానీ పూర్వం అంతా బంగారం అనేవాళ్ళతో నేను లేను. ముర్రుపాలు పిండి పారబోసిన ఇళ్ళున్నాయి. పథ్యం పేరుతో బాలింతకి కారప్పొడి అన్నం తప్ప పెట్టని ఇళ్ళున్నాయి. 1971లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యిమంది పిల్లల్లో 129 మంది మొదటి పుట్టినరోజు చూడలేదు. 2020 నాటికి ఆ అంకె 28. ఆ తేడా తెచ్చింది టీకాలు, ఆసుపత్రులు, ఏఎన్ఎంలు, గుమ్మాల చుట్టూ తిరిగే ఆశా కార్యకర్తలు. ఆసుపత్రిలో కాన్పయితే 42 రోజుల్లోపు ఆశా ఆరుసార్లు ఇంటికి రావాలి. బిడ్డని తూచి, ఒళ్ళు వెచ్చగా ఉందో లేదో చూసి, తల్లిని పలకరించి వెళ్ళాలి. ఈ దేశంలో పసిబిడ్డల గురించి ఎవరికైనా దండం పెట్టాలంటే నేను ముందు వాళ్ళకే పెడతాను. వాళ్ళకిచ్చే డబ్బు సంగతి ఎత్తితే మళ్ళీ పక్కదారి పడతాను.

ఇప్పటి సమాధానం, పుట్టిల్లే మన అపార్ట్‌మెంట్‌కి రావడం. మా అమ్మ హైదరాబాద్‌లో, నాన్న ఒక్కరే తెనాలిలో. నాన్నకి రిటైర్మెంట్‌కి ఇంకా ఏడాది ఉంది. యాభై తొమ్మిదేళ్ళ వయసులో యూట్యూబ్ చూసి చారు పెట్టడం నేర్చుకుంటున్నారు, ఇంగువ ఎక్కువేస్తారు. అందరూ "మీ అమ్మ ఉంది కాబట్టి సరిపోయింది" అంటారు. నిజమే, సరిపోయింది. అమ్మ అయితే అక్కడ ఆ వీధిలో ఎవరూ తెలియరు అంటుంది, బీపీ మాత్ర మర్చిపోతుంది, ఇంటికెప్పుడొస్తానో అంటుంది. దేశంలో ఎన్ని లక్షల సాఫ్ట్‌వేర్ కోడ్ లైన్లు ఇలాంటి అమ్మమ్మల, నాయనమ్మల మోకాళ్ళ మీద నడుస్తున్నాయో ఏ కంపెనీ వార్షిక నివేదికలోనూ ఉండదు.

ఇక తండ్రి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయితే 15 రోజుల సెలవుంది. ప్రైవేటులో చట్టం ఏమీ లేదు, కంపెనీ దయ. మా బావ మంచివాడు. రాత్రి లేస్తాడు, డైపర్ మారుస్తాడు, పాలసీసాలు మరగబెడతాడు. కానీ పెట్టగలిగింది అయిదు రోజుల ఎర్న్‌డ్ లీవ్. అయిదు రోజుల్లో మనిషి బిడ్డని ఎత్తుకోవడం నేర్చుకోవచ్చేమో, ఏడుపు భాష నేర్చుకోలేడు. ఆకలి ఏడుపు, నిద్ర ఏడుపు, కడుపునొప్పి ఏడుపు, ఊరికే ఏడుపు, వీటి తేడాలు రోజంతా పక్కన ఉన్నవాళ్ళకే తెలుస్తాయి. ఆర్నెల్లయ్యాక "వాడు నా దగ్గర ఉండట్లేదు, వాళ్ళమ్మే కావాలంటాడు" అని మగవాళ్ళు అంటుంటారు. అది వాడి స్వభావం కాదు, మన సెలవు పాలసీ. నార్వేలో 1993లో తండ్రికి మాత్రమే అని నాలుగు వారాలు కేటాయించారు. వాడుకోకపోతే కుటుంబానికి ఆ వారాలు పోతాయి. అంతకుముందు సెలవు తీసుకునే తండ్రులు వేళ్ళ మీద లెక్కపెట్టేంత, కొన్నేళ్ళలోనే అధికశాతం మంది తీసుకోవడం మొదలెట్టారు. నార్వే మగవాళ్ళకి రాత్రికి రాత్రి ప్రేమ పుట్టుకొచ్చిందంటే నేను నమ్మను. రూల్ మారింది.

తండ్రి ఇంట్లో ఉండటానికి ఇంకో కారణం, మన ఇళ్ళల్లో పేరు పెట్టని జబ్బు ఒకటుంది. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వచ్చిన సమీక్ష, భారతదేశంలో జరిగిన 38 అధ్యయనాల్ని కలిపి చూసి, బాలింతల్లో 22 శాతం మందికి డిప్రెషన్ ఉంటోందని తేల్చింది. అయిదుగురిలో ఒకరికి పైనే. మన ఇళ్ళల్లో దాన్ని దిష్టి అంటారు, గాలి అంటారు, ఎక్కువగా "కన్నది చాలు, పొగరు" అంటారు. ఇది బిడ్డకి ఎందుకు పట్టింపంటే, ఎడ్వర్డ్ ట్రానిక్ అనే సైకాలజిస్టు 1970లలో ఒక ప్రయోగం చేశాడు. బిడ్డతో నవ్వుతూ ఆడుతున్న తల్లిని కాసేపు ముఖంలో ఏ భావమూ లేకుండా ఉండమన్నాడు. బిడ్డ ముందు నవ్వి చూస్తుంది, వేలు చూపిస్తుంది, కేక పెడుతుంది, చివరికి ముఖం తిప్పేసుకుని ఏడుస్తుంది. కొద్ది నిమిషాల్లో ఇదంతా. డిప్రెషన్‌లో ఉన్న తల్లి కావాలని అలా ఉండదు, ఉండిపోతుంది. అయితే ట్రానిక్ చెప్పిన రెండో సంగతి ఎవరూ షేర్ చెయ్యరు. మామూలు తల్లీబిడ్డల మధ్య కూడా ఎక్కువసేపు తాళం కుదరదు. తప్పడం, మళ్ళీ కలుపుకోవడం, అదే వాళ్ళ రోజు. బిడ్డకి అన్నివేళలా నవ్వే తల్లి అక్కర్లేదు. తల్లి అలిసిపోయినప్పుడు నవ్వే ఇంకో ముఖం ఉంటే చాలు.

ఆ ఇంకో ముఖం ఇంట్లో దొరక్కపోతే పని చేసే చోట దొరకాలి. దాన్నే క్రెష్ అంటారు. 1948 ఫ్యాక్టరీల చట్టం ముప్ఫై మందికి మించి ఆడవాళ్ళు పనిచేసే చోట క్రెష్ ఉండాలంది. గమనించండి, ఆడవాళ్ళని లెక్కపెట్టమంది. అంటే బిడ్డ ఆడవాళ్ళ వ్యవహారం. ఆడవాళ్ళని తక్కువ తీసుకుంటే క్రెష్ గొడవే ఉండదు. 2017 సవరణ ఈ ఒక్క విషయంలో నాకు చాలా నచ్చుతుంది. మొత్తం ఉద్యోగులు 50 మంది ఉంటే క్రెష్ ఉండాలి, ఆడా మగా అని చూడలేదు. అమలు సంగతి మీకు తెలిసిందే. భవనం కాగితాల మీద "క్రెష్" అని ఉన్న గదిలో పాత మానిటర్లు ఉంటాయి.

దీనికి పెద్ద బడ్జెట్ కావాలనేవాళ్ళకి ఒక సంగతి. 1969లో ఢిల్లీలో గాంధీ శతజయంతి ప్రదర్శన కోసం కట్టడాలు జరుగుతుంటే, కూలీల పిల్లలు మట్టిలో ఎండలో పడి ఉండటం చూసి మీరా మహాదేవన్ అనే ఆవిడ అక్కడే ఒక గుడారం వేయించారు. మొబైల్ క్రెషెస్ అనే సంస్థ అలా మొదలైంది, ఇప్పటికీ నడుస్తోంది. మొదలు ఒక గుడారం.

మన కాలేజీలో టీచింగ్, నాన్-టీచింగ్, మెస్, హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ అంతా కలిపితే వందల్లో ఉంటారు. చట్టం సంగతి పక్కన పెట్టండి. డేటా స్ట్రక్చర్స్ చెప్పే మేడమ్ లంచ్ టైములో స్కూటీ మీద ఇంటికెళ్ళి, బిడ్డకి పాలిచ్చి, రెండో పీరియడ్‌కి ఆయాసపడుతూ రావడం మనందరం చూశాం. బి-బ్లాక్ గ్రౌండ్ ఫ్లోర్‌లో పాత జిరాక్స్ గది రెండేళ్ళుగా తాళం వేసి ఉంది. కిటికీలున్నాయి, ఫ్యానుంది, పక్కనే నీళ్ళ కుళాయి ఉంది. ఒక ఆయమ్మ, నాలుగు చాపలు, రెండు ఉయ్యాలలు, ఒక ఫ్రిజ్. మన టెక్ ఫెస్ట్‌లో డీజేకి పెట్టిన ఖర్చు మీ అందరికీ గుర్తుండే ఉంటుంది.

ప్రిన్సిపల్ గారికి ఇవ్వడానికి వినతిపత్రం రాశాం, తెలుగులోనే. కాగితం లైబ్రరీలో న్యూస్‌పేపర్ స్టాండ్ పక్క బల్ల మీద ఉంది, పెన్ను కూడా కట్టి పెట్టాం. ఈ వ్యాసం పంపే రోజుకి 41 సంతకాలొచ్చాయి. అందులో అబ్బాయిలవి తొమ్మిది. మెస్ అక్క సంతకం ఇరవై మూడో వరసలో ఉంది, పక్కన పిల్లాడి వయసు కూడా రాసింది: నాలుగు నెలల పది రోజులు.